నక్షత్రం పడిన నత్తల కూర

మిషెలిన్ స్టార్ అన్న మాట ఈమధ్య అందరి నోళ్ళలోనూ నలుగుతోంది. టీవీలో వంటల పోటీలు చూసేవాళ్ళకి మరీనూ. మా ఇంట్లో మాత్రం ముప్ఫై ఏళ్ళుగా ఆ మాటకి ఒకటే అర్థం: టైరు. మా ఆయనకి కంచికచర్లలో హైవే పక్కన టైర్ల షాపుంది. షాపులో అందరూ "మిచెలిన్" అనే అంటారు, నేనూ అలాగే అనేదాన్ని. కిందటేడు సెప్టెంబరులో మేమిద్దరం అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. "నాన్నా, మిమ్మల్ని మిషెలిన్ స్టార్ ఉన్న రెస్టారెంటుకి తీసుకెళ్తాను" అని అది అంటే, "టైర్ల వాళ్ళు ఇడ్లీలు కూడా వేస్తున్నారా?" అన్నారు ఈయన. వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు.

అడగడంలో తప్పేం లేదు. ఆ మిషెలినూ ఈ మిషెలినూ ఒకటే.

ఫ్రాన్సులో ఆంద్రె, ఎడ్వార్ మిషెలిన్ అని ఇద్దరు అన్నదమ్ములు టైర్ల కంపెనీ పెట్టుకున్నారు. 1900లో ఆ దేశం మొత్తం మీద కార్లు మూడు వేలు కూడా లేవు. కార్లు తిరిగితేనే కదా టైర్లు అరిగేది, అరిగితేనే కదా కొత్తవి కొనేది! జనం కార్లేసుకుని దూరాలు పోవాలంటే దారిలో ఏముందో తెలియాలి. అందుకని ఓ చిన్న పుస్తకం వేసి 35,000 కాపీలు ఊరికే పంచిపెట్టారు. టైరు ఎలా మార్చుకోవాలి, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, మెకానిక్ ఎక్కడుంటాడు, రాత్రి ఎక్కడ పడుకోవచ్చు, ఎక్కడ తినొచ్చు, ఇవీ అందులో సంగతులు. ఇరవై ఏళ్ళు అలా పంచాక, ఒక షెడ్డులో బల్ల ఊగకుండా దాని కాలి కింద తమ పుస్తకాలు పెట్టి ఉండడం అన్నగారి కంటపడిందట. ఊరికే వచ్చిన దానికి విలువ ఉండదనుకుని 1920 నుంచి డబ్బుకే అమ్మారు. 1926లో మంచి భోజనం పెట్టే చోట్లకి నక్షత్రం గుర్తు వేయడం మొదలుపెట్టారు. 1931లో రెండు, మూడు నక్షత్రాలు వచ్చాయి.

ఇదంతా మా అమ్మాయి ఫోనులో చూసి చదువుతుంటే ఈయన మొహం వెలిగిపోయింది. "చూశావా, టైర్ల వ్యాపారం అంటే ఏమనుకున్నావు" అన్నారు. ముప్ఫై ఏళ్ళలో తన వ్యాపారం మీద ఆయనకి అంత గర్వం కలగడం నేను చూడలేదు.

ఆ నక్షత్రాలకి అర్థాలు కూడా ప్రయాణానికి సంబంధించినవే. ఒక నక్షత్రం అంటే దారిలో పడితే ఆగి తినదగ్గ చోటు. రెండు అంటే దారి తప్పి కాస్త చుట్టు తిరిగి అయినా వెళ్ళదగ్గది. మూడు అంటే దాని కోసమే పనిగట్టుకుని ప్రయాణం చేయదగ్గది. మన హైవే మీద పుట్టి పెరిగిన వాళ్ళకి ఇదేం కొత్త లెక్క కాదు. లారీలు ఎక్కడ ఎక్కువ ఆగి ఉంటే అక్కడ భోజనం బాగుంటుందని మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. హైదరాబాదు వెళ్ళేటప్పుడు మా ఆయన బోర్డులు చూడరు, బయట ఆగిన లారీలు లెక్కపెడతారు. మన దేశంలో మిషెలిన్ గైడు లేదు గానీ, ఆ పని మన లారీ డ్రైవర్లు ఎప్పటినుంచో చేస్తున్నారు.

నక్షత్రం ఎవరిస్తారని అడిగాను. ఇన్‌స్పెక్టర్లు వస్తారట. తామెవరో చెప్పరు. మామూలు మనుషుల్లా వచ్చి, తిని, బిల్లు కట్టి పోతారు. చూసేవి ఐదు సంగతులు: సరుకు నాణ్యత, వండడంలో పనితనం, రుచులు ఒకదానికొకటి కుదరడం, వండినవాళ్ళ మనిషితనం వంటలో కనపడడం, ఎప్పుడు తిన్నా అదే తీరుగా ఉండడం. కుర్చీలు, దీపాలు, వడ్డించేవాళ్ళ టైలు నక్షత్రానికి లెక్కలోకి రావు.

మా మామగారు గుర్తొచ్చారు నాకు. ఆయన కూడా అంతే. పప్పు ముద్ద నోట్లో పెట్టుకుని ఏమీ మాట్లాడరు. బాగుంటే రెండోసారి కలుపుకుంటారు, బాగోకపోతే మజ్జిగలోకి వెళ్ళిపోతారు. ఇరవై రెండేళ్ళు ఆ ఇన్‌స్పెక్షను నడిచింది మా ఇంట్లో. తేడా ఏమిటంటే ఆయన బిల్లు కట్టేవారు కాదు. ఆ ఐదో సంగతి ఉంది చూశారూ, ఎప్పుడూ ఒకే తీరుగా ఉండడం, అది ఎంత కష్టమో ఇది చదివే మీ అందరికీ తెలుసు. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా, గ్యాసు అయిపోయినా ఆ పూట పప్పు ఆ పప్పులాగే ఉండాలి.

మన వంటలకి నక్షత్రాలు వచ్చింది కూడా బయటి దేశాల్లోనే. 2001లో లండన్‌లో టామరిండ్, జైకా అనే రెండు భారతీయ రెస్టారెంట్లకి మొదటిసారి వచ్చాయి. అదే లండన్‌లో క్విలాన్ అని మన దక్షిణాది పడమటి తీరం వంటల చోటుకి 2008లో వచ్చింది. దుబాయిలో అవతార అనే పూర్తి శాకాహార భారతీయ రెస్టారెంటుకి 2023లో వచ్చింది. అదే దుబాయిలో ట్రెసిండ్ స్టూడియోకి 2025లో మూడు నక్షత్రాలూ వచ్చాయి, భారతీయ వంటకి మూడు రావడం అదే మొదలు. అన్నీ ఖరీదైన చోట్లే అనుకోకండి. సింగపూరులో ఓ తోపుడు బండి లాంటి దుకాణంలో చికెన్ అన్నం అమ్ముకునే ఆయనకి 2016లో ఒక నక్షత్రం ఇచ్చారు, తర్వాత కొన్నేళ్ళకి తీసేశారు కూడా. ఇచ్చింది తీసేస్తారు కాబట్టే దానికంత భయం, అంత విలువ.

మా అమ్మాయి మమ్మల్ని తీసుకెళ్ళింది న్యూయార్కులో గ్రీనిచ్ విలేజ్‌లో ఉన్న "సెమ్మ"కి. సెమ్మ అంటే తమిళ కుర్రాళ్ళ మాటలో "అదిరింది" అని. 2021లో పెట్టారు, 2022లో నక్షత్రం వచ్చింది. 2025లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ ఊళ్ళోని మంచి రెస్టారెంట్లు వంద ఏరితే మొదటి స్థానం దీనిదే. అక్కడ టేబుల్ దొరకడం తిరుమలలో టిక్కెట్టు దొరకడం లాంటిదే. బుకింగ్ తెరిచే టైముకి ఇద్దరు ముగ్గురు ఫోన్లు పట్టుకుని కూర్చోవాలి. అలా కూర్చున్నది మా అమ్మాయి, ఇంకో అబ్బాయి.

ఆ అబ్బాయి గురించి చెప్పకుండా ఆ భోజనం గురించి చెప్పలేను.

మా అమ్మాయీ అతనూ మూడేళ్ళుగా స్నేహితులు. పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నట్టు ఆగస్టులోనే నాకు ఫోన్లో చెప్పింది. కులం కూడా చెప్పింది. "నాన్నకి నేనే చెప్తానమ్మా, నువ్వు ముందే చెప్పి ఆయన్ని అక్కణ్ణించే తయారుచేసి తీసుకురాకు" అంది. సరే అన్నాను. దాని మాట దాన్నే చెప్పనివ్వడం మంచిదనిపించింది. ఈయనకి తెలిసింది ఒక్కటే, "మనవైపు అబ్బాయే, స్నేహితుడు, భోజనానికి వస్తున్నాడు" అని.

జెర్సీ సిటీలో రైలెక్కి, తొమ్మిదో వీధి స్టేషన్లో దిగి నడిచాం. ఈయన ఇస్త్రీ చొక్కా, నేను మంగళగిరి చీర. టైలు కట్టుకున్నవాళ్ళుంటారేమో, ఫోర్కులతో తినాలేమో అని నాకు లోపల బెరుగ్గానే ఉంది. తీరా చూస్తే అంత హడావిడేం లేదు. మసక వెలుతురు, గట్టిగా పాటలు, పక్కపక్కనే బల్లలు. మా పక్క బల్ల దగ్గర తెల్లావిడ ఒకామె చేత్తోనే దోసె విరుచుకుని తింటోంది. ఆమెని చూశాక నా చేతులకి ధైర్యం వచ్చింది.

అబ్బాయి ముందే వచ్చి ఉన్నాడు. నమస్కారం పెట్టి, మా ఇద్దరికీ కుర్చీలు జరిపాడు. ఈయన కూర్చుంటూనే మనవాళ్ళందరూ అడిగేదే అడిగారు. "ఏ ఊరు బాబూ మీది?" జగ్గయ్యపేట అవతల, పాలేటి ఒడ్డున ఓ పల్లె పేరు చెప్పాడు. "అట్లాగా! ఆ రోడ్డు మీద మాకు లారీల వాళ్ళు చాలామంది తెలుసు" అన్నారు ఈయన సంతోషంగా. పదమూడు వేల కిలోమీటర్ల అవతల మన తాలూకా మనిషి కనపడితే ఎవరికైనా అంతే. తర్వాత ఎటూ వచ్చే ప్రశ్న వచ్చింది. "ఇంటిపేరేంటి?" అతను చెప్పాడు. ఇంటిపేరుతో ఈయనకి తేలలేదు. ఇంకో ప్రశ్నకి సిద్ధమవుతుండగా వడ్డించే అమ్మాయి వచ్చింది, బతికిపోయాం.

మెనూ చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో అన్నీ అరవ పేర్లే. ఇంగ్లీషు వాళ్ళకి అర్థం కావాలని పేర్లు మార్చలేదు. మొలకలెత్తిన పెసలతో ఓ పదార్థం, పుట్టగొడుగుల వేపుడు, మాంసం సుక్కా, చిన్నగింజ సీరగ సాంబ బియ్యంతో దిండిగల్ బిర్యానీ, మేక పేగుల వేపుడు. పేగుల వేపుడు! మన ఊళ్ళో ఆదివారం మాంసం కొట్టు దగ్గర చివరికి మిగిలేది, అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు పట్టుకెళ్ళేది.

ముందు గన్‌పౌడర్ దోసె వచ్చింది. గన్‌పౌడర్ అంటే తుపాకి మందు కాదు, మన కారప్పొడే. లోపల పొడి పరిచి బంగాళాదుంప కూర పెట్టారు. ఆ రెస్టారెంటులో అందరూ అడిగేది ఇదేనట. విరిస్తే కరకరలాడింది, లోపల నెయ్యీ పొడీ కలిసి మెత్తగా ఉంది. బాగుందా అంటే చాలా బాగుంది. మా అమ్మ పొడి కన్నా బాగుందా అంటే ఆ మాట నేనననులెండి. ఒక్కటి మాత్రం చెప్తాను, కారం తగ్గించలేదు. పక్క బల్లావిడ ముక్కు తుడుచుకుంటూ తింటోంది గానీ ఆపట్లేదు. దేశం కాని దేశంలో మన తిండి వండేవాళ్ళు సాధారణంగా ముందు చేసే పని కారం తగ్గించడం, తీపి పెంచడం. ఇక్కడ ఆ రాజీ కనపడలేదు. ఈయన రెండు ముక్కలు తిని "ధర ఎంత?" అని మెనూ అందుకోబోయారు. మా అమ్మాయి దానిమీద చెయ్యి పెట్టేసింది.

తర్వాత వచ్చింది నత్తల కూర.

"నత్తై పిరట్టల్" అని దాని పేరు. అల్లం, చింతపండుతో దగ్గరగా వేయించిన నత్తలు, పక్కన మెత్తటి కల్ దోసెలు. అది ఆ అబ్బాయే చెప్పాడు తెమ్మని. ఈయన చూసి "ఇవేంటి, రొయ్యలా?" అన్నారు.

"నత్తలు అంకుల్."

ఈయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పెద్దగా కాదు, అంగుళం. బల్ల దగ్గరున్న అందరం చూశాం.

అబ్బాయి తొందరపడలేదు. ఈ రెస్టారెంటులో వండే విజయ్ కుమార్‌ది తమిళనాడులో దిండిగల్ జిల్లా నత్తం వైపు పల్లె అనీ, చిన్నప్పుడు అమ్మమ్మ తాతయ్యలతో పొలాల్లో నత్తలు ఏరుకొచ్చేవాడనీ, అవే ఇక్కడ వండుతున్నాడనీ చెప్పాడు. అంతకు ముందు కాలిఫోర్నియాలో అతను వండిన రస అనే రెస్టారెంటుకి కూడా నక్షత్రం వచ్చిందట. 2025 జూన్‌లో న్యూయార్కు రాష్ట్రంలో ఉత్తమ షెఫ్‌గా జేమ్స్ బియర్డ్ అవార్డు కూడా అతనికే ఇచ్చారట. అమెరికాలో వంటవాళ్ళకి అది పెద్ద గౌరవం. ఫ్రాన్సులో నత్తలు గొప్పింటి తిండి అనీ, అక్కడ ఎస్కార్గో అంటారనీ మా అమ్మాయి అందించింది.

అప్పుడు ఆ అబ్బాయి అన్నాడు, "మా నాయనమ్మ కూడా వండేది అంకుల్. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు వదిలాక వరి చేలల్లో నత్తలు బాగా దొరికేవి. కూలికి పోయి వస్తూ కొంగులో కట్టుకొచ్చేది. నేను హాస్టల్లో చేరిన కొత్తలో ఓసారి ఇంటినుంచి డబ్బాలో పంపిస్తే, వాసన అని నా పక్కనెవరూ కూర్చోలేదు. మళ్ళీ పంపించొద్దని చెప్పాను." ఓ క్షణం ఆగి, మా ఆయన వైపే చూస్తూ, "మీరు ఇంటిపేరు అడిగింది అందుకే అయితే, మేము ఎస్సీలం అంకుల్. మా నాన్న హైస్కూల్లో సైన్స్ మాస్టారు. మీ అమ్మాయీ నేనూ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాం. మీకు ముందే చెప్పకుండా ఈ భోజనం తినిపించడం నాకు నచ్చలేదు, అందుకని ఇప్పుడే చెప్తున్నాను" అన్నాడు.

అలా చెప్పాలని వాళ్ళిద్దరూ అనుకోలేదట. భోజనం అయ్యాక ఇంటికొచ్చి మా అమ్మాయి చెప్పాలని వాళ్ళ ప్లాను. అది బిత్తరపోయి అతని వంక చూసింది.

నేను మా ఆయన వంక చూశాను. ఆయన బల్ల వంక చూస్తున్నారు.

కంచికచర్ల వాళ్ళకి ఆ మౌనం ఉత్త మౌనం కాదు. 1968లో మా ఊళ్ళో కోటేశు అనే దళిత యువకుణ్ణి, దొంగతనం చేశాడని కట్టేసి బతికుండగానే తగలబెట్టారు. దేశమంతటా వార్తయింది. నేను కోడలిగా ఆ ఊరొచ్చింది 1993లో. ఆ సంగతి నాకు మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, ఓ పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. మా మామగారిని అడిగితే మజ్జిగ పోసుకున్నారు. మా ఆయన మంచివాడు. షాపులో పనిచేసే కుర్రాళ్ళలో అన్ని కులాల వాళ్ళూ ఉన్నారు, ఆపదొస్తే ముందు పరిగెత్తేదీ ఈయనే. కానీ షాపు వేరు, ఇంట్లో వంటిల్లు వేరు, పిల్ల పెళ్ళి వేరు అనే లెక్కలో పెరిగిన మనిషి. ఆ లెక్క ఆయన కనిపెట్టింది కాదు. కానీ దాన్ని దాటాలంటే మాత్రం ఆయన కాళ్ళతోనే దాటాలి.

నేను కల్ దోసె ముక్క తుంచి నత్తల కూర పెట్టుకుని తిన్నాను. ఎవరికో ఏదో చూపించడానికి కాదు. ఎవరో ఒకరు తినాలి కదా, చల్లారిపోతోంది. నత్త కొంచెం సాగుతుంది, రొయ్యంత మెత్తన కాదు, పళ్ళకి పని చెప్తుంది. అల్లం ఘాటు ముందు తగిలి, చింతపండు పులుపు వెనక వస్తుంది. మనం రొయ్యల ఇగురు దగ్గరికి వేయిస్తే అడుగున మిగిలే ముద్ద ఉంటుందే, ఆ రుచికి దగ్గర. బురద వాసన వస్తుందేమో అనుకున్నాను, లేదు.

"బాగుంది" అన్నాను.

చాలాసేపటికి ఈయన నోరు విప్పారు. అడిగిన ప్రశ్న మాత్రం మేమెవరం ఊహించనిది. "పెంకులోంచి ఎట్లా తీస్తారు?"

అబ్బాయి చెప్పాడు. ముందు రోజు రాత్రి నీళ్ళలో వేసి ఉంచితే బురద కక్కేస్తాయట. తెల్లారి ఉప్పు నీళ్ళలో ఉడకబెట్టి, తుమ్మ ముల్లుతో ఒక్కొక్కటీ లాగాలట. జిగురు పోయేదాకా ఉప్పుతో రుద్ది రుద్ది కడగాలట. తర్వాతే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, చింతపండు. "సగం పొద్దు పడుతుంది. అంతా చేస్తే మా ఇంట్లో ఆరుగురికి ఓ గిన్నెడు కూర అయ్యేది. నాయనమ్మకి మిగిలేది కాదు" అన్నాడు.

ఈయన తలాడించారు. దోసె తుంచి, నత్తని తీసుకోకుండా, పళ్ళెం అంచున ఉన్న మసాలా మాత్రం అద్దుకుని తిన్నారు. అంతే. దాన్ని నేను పెద్దది చేసి చెప్పను, చిన్నది చేసి కూడా చెప్పను. తర్వాత బిర్యానీ వచ్చింది, దాన్ని మాత్రం ఇద్దరూ కొసరి కొసరి తిన్నారు. మన పొడుగు బియ్యం బిర్యానీలా కాదు, గింజ చిన్నది, మసాలా గింజ గింజకీ పట్టింది. బిల్లు వచ్చినప్పుడు ఈయన జేబులో చెయ్యి పెట్టారు, వాళ్ళిద్దరూ చెరొక కార్డూ ఇచ్చి సగం సగం కట్టేశారు.

ఆ రాత్రి ఈయన నిద్రపోలేదు. నేనూ నిద్రపోలేదు. ఒంటిగంటకి అనుకుంటా, "ఆ కూరకి నక్షత్రం ఇచ్చినవాళ్ళకి ఆ కూర ఎవరిదో తెలుసా?" అన్నారు.

"తెలియదనుకుంటా. తెలియకపోబట్టే రుచి ఒక్కటే చూశారేమో" అన్నాను.

"తెలిసినవాళ్ళం మనం" అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.

నేను కూడా అదే ఆలోచిస్తూ పడుకున్నాను. ఇన్‌స్పెక్టరు ముందు సరుకు చూస్తాడు. చేలోంచి అప్పుడే ఏరిన నత్త కన్నా తాజా సరుకు ఏముంది? పనితనం చూస్తాడు. ముల్లుతో వందల నత్తలు చిట్లకుండా లాగడం పనితనం కాదా? రుచుల కుదురు, వండినవాళ్ళ మనిషితనం, ఎప్పుడూ అదే తీరు, ఈ ఐదూ ఆ పాలేటి ఒడ్డున గుడిసెలో ఉన్నాయి. ఆ గుమ్మంలోకి తినడానికి వెళ్ళినవాళ్ళు లేరు, అంతే. అలాగని ఇప్పుడు న్యూయార్కులో నక్షత్రం పడింది కాబట్టి మనం కూడా గౌరవిద్దాం అనుకుంటే, ఆ గౌరవం నత్తలకి కాదు, నక్షత్రానికి. రేపు నక్షత్రం తీసేస్తే? సింగపూరాయనకి తీసేశారు కదా. ఆ పిల్లవాణ్ణి మా ఇంట్లో కూర్చోబెట్టాలంటే ఏ టైర్ల కంపెనీ సర్టిఫికెట్టూ లేకుండా కూర్చోబెట్టాలి. అది నేను ఈయనతో తెల్లారాక కాఫీ దగ్గర చెప్పాను. "నీ ఉపన్యాసాలు నువ్వూను" అన్నారు గానీ కాదనలేదు.

అక్టోబరులో ఊరికి వచ్చేశాం. రెండు నెలలు ఈయన ఆ మాట ఎత్తలేదు. నేను ఎత్తితే "చూద్దాం" అనేవారు. మా ఆడపడుచుకి ఎలా తెలిసిందో తెలిసింది. "వదినా, పిల్లని అమెరికా పంపించి ఇదా మీరు సాధించింది" అని ఫోను పెట్టేసింది, ఇప్పటివరకూ మళ్ళీ చేయలేదు. షాపుకొచ్చిన బంధువొకాయన "నలుగురిలో ఎట్లా" అని ఏదో అనబోతే, ఈయన టైరు రేటు చెప్పారట, ఆయన అడక్కుండానే. ఆ సంగతి షాపులో కుర్రాడొకడు వచ్చి నాకు చెప్పాడు.

డిసెంబరు ఆఖరి వారంలో ఓ సాయంత్రం ఈయన షాపునుంచి త్వరగా వచ్చారు. అమ్మాయికి ఫోన్ చేసి "ఆ అబ్బాయి వాళ్ళ నాన్నగారి నంబరు పంపించమ్మా" అన్నారు. నంబరు వచ్చాక అరగంట దాన్ని చూస్తూ కూర్చున్నారు. తర్వాత చేశారు. మాస్టారితో మర్యాదగా, కొంచెం బిగుసుకుపోయి మాట్లాడారు. చివర్లో "మీ అమ్మగారు ఉన్నారాండీ, ఒకసారి మాట్లాడొచ్చా" అన్నారు.

ఆ పెద్దావిడ ఫోను తీసుకుని మొదట అన్న మాట "అయ్యా, దండాలయ్యా" అని. స్పీకర్లో నాక్కూడా వినపడింది. ఈయన గొంతు సవరించుకుని, "అట్లా అనకండమ్మా. మీ మనవడి అంత పిల్లకి తండ్రిని నేను. బాబూ అనండి చాలు" అన్నారు. అవతల కాసేపు ఏం వినపడలేదు. తర్వాత ఆవిడ, "సరే బాబూ. ఎప్పుడొస్తారు?" అంది.

సంక్రాంతి వెళ్ళాక, ముక్కనుమ మర్నాడు వస్తామన్నారు. భోజనానికే రావాలని ఆవిడ పట్టు. ఏం వండమంటారంటే ఈయన మొహమాటపడి, "మీ మనవడు నత్తల కూర గురించి చెప్పాడు" అన్నారు. ఆవిడ పెద్దగా నవ్వింది. "మందులు కొట్టీ కొట్టీ ఇప్పుడు చేలల్లో నత్తలెక్కడున్నాయి బాబూ? చెరువులో దొరికితే చూస్తాలే. లేకపోతే నాటుకోడి కోస్తా" అంది. ఈయన మొహంలో కాస్త రిలీఫ్ కనపడిందని రాయకపోతే అబద్ధమవుతుంది.

పెళ్ళి మాట ఇంకా ఎవరూ అనలేదు. మాస్టారి ఇంట్లో వాళ్ళకి మేం నచ్చాలి కదా, వాళ్ళకీ భయాలుంటాయి, మాకన్నా ఎక్కువే ఉంటాయి. కంచికచర్ల నుంచి వాళ్ళ ఊరికి కారులో గంట కన్నా పట్టదు. ముప్ఫై ఏళ్ళుగా హైదరాబాదు వెళ్తూ వస్తూ వాళ్ళ ఊరి మలుపు దాటుకుంటూనే పోయాం. ఈసారి ఆ భోజనం కోసమే బయలుదేరుతున్నాం. నిన్న అరిసెలకి బియ్యం నానబోశాను. ఆవిడకి పళ్ళు ఎలా ఉన్నాయో కనుక్కోమని అబ్బాయికి మెసేజ్ పెట్టాను, గట్టివి తినలేకపోతే సున్నుండలు చేసి తీసుకెళ్దామని.